పరదేశంలో వర్తకుడి ధర్మం

విశ్వవిద్యాలయాలలో అంతర్జాతీయ వ్యాపార నిర్వహణ అనే పేరుతో బోధిస్తున్న శాస్త్రం వయసులో చిన్నది. వర్తకులు సముద్రాలు దాటడం వేల ఏళ్ల నాటి సంగతే అయినా, ఆ పనిని తరగతిలో కూర్చుని పద్ధతిగా నేర్చుకోవలసిన విద్యగా లోకం గుర్తించింది ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలోనే. 1960లో స్టీఫెన్ హైమర్ అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి సమర్పించిన సిద్ధాంతగ్రంథంలో, ఒక దేశపు సంస్థ పరాయి దేశానికి అప్పుగా డబ్బు పంపి వడ్డీ తీసుకోవడంతో ఆగక అక్కడే కర్మాగారం పెట్టి స్వయంగా నడపడానికి ఎందుకు పూనుకుంటుందని ప్రశ్నించి, చోటు కొత్త, భాష కొత్త అయిన ఆ సంస్థ స్థానిక వర్తకులతో పోటీపడి నిలబడాలంటే ఆ కొత్తదనం వల్ల కలిగే నష్టాన్ని పూడ్చగల ప్రత్యేకమైన బలం దానికి ఉండితీరాలని సమాధానం చెప్పాడు. జాన్ డన్నింగ్ 1970లలో ఆ ఆలోచనను విస్తరించి, సంస్థకు సొంతమైన బలం, ఎంచుకున్న చోటు ఇచ్చే సౌకర్యం, పనిని ఇతరులకు అప్పగించకుండా తన అదుపులోనే ఉంచుకోవడం వల్ల కలిసివచ్చే ప్రయోజనం అనే మూడింటి కలయికే విదేశీ పెట్టుబడికి కారణమని సూత్రీకరించాడు. భారత ప్రభుత్వం 1963లో నెలకొల్పిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్‌లోనైనా, 2022లో ఆ సంస్థ కాకినాడలో ప్రారంభించిన ప్రాంగణంలోనైనా, తెలుగు విద్యార్థులు పట్టా కోసం వెళ్లే విదేశీ విశ్వవిద్యాలయాలలోనైనా, ఈ చదువుకు ఆధారమైన ఆలోచనలు ఇవే. ఎందుకు వెళ్లాలి, ఎక్కడికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి అన్న మూడు ప్రశ్నలకు ఈ శాస్త్రం దగ్గర పదునైన జవాబులున్నాయి. వెళ్లిన చోట ఎవరి ధర్మాన్ని పాటించాలన్న నాలుగో ప్రశ్న మాత్రం వ్యాపార నీతి అనే విడి పాఠంలోకి జరిగిపోయింది. తక్కిన మూడింటి జవాబులూ ఈ నాలుగోదాని మీద ఆధారపడి ఉన్నప్పుడు దానిని విడి పాఠంగా ఉంచడం సరైనదేనా అన్నది ఇక్కడి విచారణ.

దేశాల మధ్య తేడాల గురించి ఈ శాస్త్రం మాట్లాడదని కాదు, విస్తారంగానే మాట్లాడుతుంది. గీర్ట్ హాఫ్‌స్టెడ్ ఐబీఎం సంస్థకు వివిధ దేశాలలో పనిచేసే ఉద్యోగుల నుంచి సేకరించిన లక్షకు పైగా ప్రశ్నావళులను విశ్లేషించి, 1980లో ప్రచురించిన గ్రంథంలో, అధికారంలోని హెచ్చుతగ్గులను జనం ఎంతవరకు సహజమనుకుంటారు, మనిషి తనను విడి వ్యక్తిగా చూసుకుంటాడా సమూహంలో భాగంగా చూసుకుంటాడా అన్నటువంటి కొలమానాలతో దేశాలకు అంకెలు కేటాయించాడు. పంకజ్ ఘెమావత్ 2001లో సంస్కృతి, పరిపాలన, భౌగోళికస్థితి, ఆర్థికస్థితి అనే నాలుగు విధాల దూరాలను లెక్కించి తీరాలే తప్ప మైళ్లతో సరిపెట్టుకోరాదని హెచ్చరించాడు. ఈ కృషి విలువైనది. పరాయి సమాజాన్ని తన సమాజంలాగే భావించి నష్టపోయిన సంస్థలకు అది కళ్లు తెరిపించింది. అయితే తేడాను దూరంగానూ, దూరాన్ని ఖర్చుగానూ లెక్కించడానికి అలవాటుపడిన విద్యార్థి, భోజనపు అలవాటులోని తేడాను, బాలకార్మికులను పనిలో పెట్టుకోవడంలోని తేడాను ఒకే పట్టికలో రెండు గడులుగా చూడడం నేర్చుకుంటాడు. మొదటిది సర్దుకుపోవలసిన తేడా అనీ, రెండోదానిలో తప్పొప్పుల విచారణ ఉందనీ ఆ పట్టిక చెప్పదు.

తప్పొప్పులు ఆయా సమాజాల ఆచారాన్ని బట్టే నిర్ణయమవుతాయనీ, వాటికి పైన నిలిచి తీర్పు చెప్పగల ప్రమాణం లేదనీ వాదించే మతాన్ని తత్త్వశాస్త్రంలో నైతిక సాపేక్షవాదం అంటారు. వ్యాపారరంగంలో దీని శక్తి లంచాల చరిత్రలో కనబడుతుంది. లాక్‌హీడ్ అనే అమెరికన్ విమాన నిర్మాణ సంస్థ విదేశీ అధికారులకు ముడుపులు చెల్లించిన వ్యవహారం బయటపడి, 1976లో జపాన్ మాజీ ప్రధాని కకుయే తనాకా అరెస్టయిన దరిమిలా, పరాయి దేశపు అధికారికి లంచమివ్వడాన్ని సైతం నేరంగా పరిగణించే చట్టాన్ని అమెరికా 1977లో చేసింది. అదే కాలంలో జర్మనీలో విదేశీ అధికారికిచ్చిన లంచాన్ని వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకునే వీలుండేది. 1997లో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ ఆధ్వర్యంలో లంచ నిరోధక ఒప్పందం కుదిరి, 1999లో అమలులోకి వచ్చేవరకు ఆ వీలు తొలగలేదు. స్వదేశంలో నేరమైనది పరదేశంలో ఖర్చుగా మారడం వెనుక ఉన్న వాదన, అక్కడి పద్ధతి అదేనన్నది. ఆ పద్ధతి ఎవరిదన్న ప్రశ్నను ఆ వాదన అడగనివ్వదు. లంచం పుచ్చుకునే మంత్రి కూడా ఆ దేశస్థుడే, ఆ లంచం భారాన్ని పన్నుల రూపంలోనో నాసిరకం వంతెన రూపంలోనో మోసే రైతు కూడా ఆ దేశస్థుడే. ఇద్దరినీ కలిపి అక్కడి సంస్కృతి అని పిలిచినప్పుడు మాట్లాడుతున్నది మంత్రి ఒక్కడే.

భారతీయ ధర్మశాస్త్రాలు ఈ చిక్కును తమ పద్ధతిలో చాలా ముందే ఎదుర్కొన్నాయి. ఆ గ్రంథాలలో ధర్మం ఒకే పొరగా ఉండదు. అహింస, సత్యం, పరుల సొమ్ము అపహరించకపోవడం, శుచి, ఇంద్రియనిగ్రహం వంటివి అందరికీ సమానమని చెప్పేది సాధారణ ధర్మం. ఒక ప్రాంతానికి, ఒక కులానికి, ఒక వర్తక శ్రేణికి, అంటే ఒకే వృత్తివారు తమకు తాము నియమాలు పెట్టుకుని ఏర్పరచుకున్న సంఘానికి, పరిమితమైనవి దేశధర్మం, కులధర్మం, శ్రేణీధర్మం. రాజు తీర్పు చెప్పేటప్పుడు ఈ స్థానికాచారాలను తెలుసుకుని నిలబెట్టాలని స్మృతులు విధించాయి. దక్షిణాపథంలో అయ్యావొళె అయిదువందలవారు అన్న పేరుతో ప్రసిద్ధమైన వర్తక సమూహం, కన్నడ, తెలుగు, తమిళ రాజ్యాల ఎల్లలు దాటి సుమత్రా వరకు శాసనాలు వేయించగలిగిందంటే, రాజులు వేరైనా సంఘనియమం ఒకటిగా నిలిచినందువల్లనే అని భావించవచ్చు. కౌటిల్యుడి అర్థశాస్త్రం మరింత లౌకికమైన దృష్టితో, విదేశీ సరుకు తెచ్చేవారికి రాయితీలివ్వమని, స్వదేశీ సరుకు మీద నూటికి అయిదు, విదేశీ సరుకు మీద నూటికి పది లాభం అనుమతించమని చెబుతూనే, ఎంత పెద్ద లాభమైనా ప్రజలకు హాని చేసేదైతే దానిని వదులుకోవాలని వాణిజ్యాధికారిని శాసించింది. అర్థమే ప్రధానమని ప్రకటించిన గ్రంథంలో ఈ నిషేధం ఉండడం గమనార్హం.

సాధారణ ధర్మానికీ దేశధర్మానికీ వైరుధ్యం ఏర్పడినప్పుడు ఏం చేయాలన్నదానికి తెలుగు నేల మీదే ఒక సమాధానం రాతిపై మిగిలివుంది. కాకతీయ గణపతిదేవుడు శకవర్షం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సముద్ర వర్తకులందరినీ ఉద్దేశించినది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సర్వస్వాన్ని అంతకుముందటి రాజులు బలవంతంగా లాక్కునేవారని ఆ శాసనం దాచకుండా ఒప్పుకుంటుంది. ధనం కోసం ప్రాణాన్ని సైతం లెక్కచేయక సముద్రానికి ఎదురేగిన ఆ వర్తకుల నుంచి నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని, దయ చేతను, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ ఈ అభయమిస్తున్నామని రాజు ప్రకటించాడు. ఎగుమతులపైనా దిగుమతులపైనా ఆ సుంకం ముప్పయ్యింట ఒక వంతు. మునిగిన ఓడ సరుకు తీరపు ప్రభువుదేనన్న ఆచారం ఒక్క కోరమాండల్ తీరానికే చెందినది కాదు. మధ్యయుగపు ఐరోపాలోనూ అది హక్కుగా చెలామణి అయింది, ఓడ నుంచి ఒక మనిషైనా, కుక్కయినా, పిల్లియైనా ప్రాణాలతో బయటపడితే ఆ ఓడను దిక్కులేని సరుకుగా లెక్కించరాదని ఇంగ్లండు 1275లో చట్టం చేసింది. గణపతిదేవుడి శాసనం దానికి ముప్పయ్యేళ్లు ముందుది, దానికన్నా ఉదారమైనది.

ఈ శాసనాన్ని ఆర్థిక చరిత్రకారులు రేవు ఆదాయం పెంచుకునే విధానంగా చదివారు, అలా చదవడం తప్పు కాదు. భయం తీరిన వర్తకులు ఎక్కువమంది వస్తారు, ఎక్కువ సుంకం చెల్లిస్తారు. అయితే దీనిలోని తాత్త్విక విషయం అంతకన్నా లోతైనది. ఓడసరుకును పట్టుకోవడం అంతవరకు దేశధర్మమే, పూర్వరాజులు పాటించినదే, తీరవాసులు ఒప్పుకున్నదే. అయినా ఆ ఆచారాన్ని ఏర్పరచినవారు ఒకరు, దాని దెబ్బ తిన్నవారు మరొకరు. ఏ దూరదేశం నుంచో వచ్చి ఓడతో సహా సర్వం కోల్పోయిన వర్తకుడికి ఆ ఆచారాన్ని నిర్ణయించడంలో ఏనాడూ పాత్ర లేదు, దానిని ప్రశ్నించే సభలో చోటు లేదు. స్థానికాచారం గౌరవార్హం కావడానికి కారణం దానిని పాటించేవారు దానిని తమదిగా భావించడమే అయితే, దాని భారం మోసేవారికి అది తమది కానిచోట ఆ గౌరవానికి ఆధారం పోతుంది. ఇమ్మాన్యుయేల్ కాంట్ 1795లో శాశ్వత శాంతిపై రాసిన గ్రంథంలో, పరాయి నేల మీద అడుగుపెట్టిన మనిషిని శత్రువుగా చూడకుండా ఉండడం దయాదాక్షిణ్యం కాదని, అది అతడి హక్కని వాదించాడు. వర్తకం పేరుతో వచ్చి ఆక్రమణకు దిగిన ఐరోపా రాజ్యాలను అదే గ్రంథంలో గర్హించాడు. మోటుపల్లి శాసనం దయ అన్న మాట వాడింది, కాంట్ హక్కు అన్న మాట వాడాడు. ఈ విషయంలో కాంట్ పక్షమే బలమైనదని చెప్పాలి, ఎందుకంటే దయతో ఇచ్చిన అభయాన్ని తరువాతి రాజు వెనక్కి తీసుకోవచ్చు. మోటుపల్లిలోనే 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి వర్తకులకు మళ్లీ కొత్తగా అభయమివ్వవలసిరావడం గమనిస్తే ఆ బలహీనత కొంతవరకు అర్థమవుతుంది.

ఒక ఆచారానికి విలువ కట్టే ముందు దాని భారం ఎవరు మోస్తున్నారో, ఆ మోసేవారికి దానిని నిర్ణయించడంలో పాలు ఉందో లేదో చూడాలన్న ఈ పరీక్షను పరదేశాల ఆచారాలకే పరిమితం చేస్తే అది అహంకారంగా మిగులుతుంది. దానిని స్వదేశపు శాస్త్రాలకు వర్తింపజేసినప్పుడు, సాధారణ ధర్మాన్ని అంత స్పష్టంగా చెప్పిన మనుస్మృతే శూద్రులకు, స్త్రీలకు విధించిన నియమాలలో ఘోరంగా విఫలమవుతుంది. ఆ నియమాల బరువు మోసినవారికి వాటి రచనలో ఏ పాత్రా లేదు. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వంలో ఆ గ్రంథప్రతిని దహనం చేసినవారు, భారం మోసినవారి పక్షాన వినిపించవలసిన తీర్పునే వినిపించారు. భారతీయ సంప్రదాయం నుంచి వ్యాపార నీతిని నిర్మించదలచిన పండితులు ఈ విషయాన్ని దాటవేయడం న్యాయం కాదు.

లాభమే సంస్థ బాధ్యత అన్న వాదాన్ని కూడా ఇక్కడే పరిశీలించాలి. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసాన్ని ఏ నియమమూ లేని లాభాపేక్షకు సమర్థనగా ఉటంకించడం పరిపాటి అయినా, సమాజపు చట్టాలకూ నైతికాచారాలకూ లోబడి లాభం సంపాదించాలన్నదే ఆయన షరతు. ఒకే దేశంలో నడిచే సంస్థకు ఈ షరతు కొంతవరకు చాలుతుంది. అయిదు దేశాలలో నడిచే సంస్థకు ఏ సమాజపు ఆచారమన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది, దానికి ఆ సూత్రంలో జవాబు లేదు; ఫలితంగా అతి తక్కువ కోరే సమాజపు ఆచారమే సంస్థకు ప్రమాణమవుతుంది. పలుదేశాలలో నడిచే సంస్థల నిర్మాణంపై 1989లో క్రిస్టఫర్ బార్ట్‌లెట్‌తో కలిసి ప్రామాణిక గ్రంథం రాసిన సుమంత్ర ఘోషాల్, తాను మరణించాక 2005లో వెలువడిన వ్యాసంలో, నీతితో నిమిత్తం లేని సిద్ధాంతాలను బోధించడం ద్వారా వ్యాపార విద్యాలయాలు తమ విద్యార్థులను నైతిక బాధ్యత నుంచి విముక్తులను చేశాయని అభియోగం మోపాడు. ఈ శాస్త్రాన్ని లోపలి నుంచి నిర్మించిన మనిషి చేసిన విమర్శ కాబట్టి దానికి ప్రత్యేకమైన బరువుంది.

మహాభారతంలోని శాంతిపర్వం సంస్కృత మూలంలో ఒక వర్తకుడి నోట ఈ విచారణను నడిపించింది. కదలకుండా నిలబడి, జటలలో పక్షులు గూడు కట్టి పిల్లలను పెట్టినంతకాలం తపస్సు చేసిన జాజలి అనే ముని తన ధర్మనిష్ఠకు తానే మురిసిపోగా, వారణాసిలో వస్తువులమ్ముకునే తులాధారుడికి నీవు సాటిరావని ఆకాశవాణి చెబుతుంది. ముని వెళ్లి అడిగితే, ఏ ప్రాణికీ ద్రోహం చేయకుండా, లేదా వీలైనంత తక్కువ హానితో జీవించడమే పరమధర్మమని, తన త్రాసు అందరికీ సమానమని తులాధారుడు వివరిస్తాడు. ఈ సంవాదంలో అంతకన్నా సాహసమైన మాట మరొకటి ఉంది: లోకం నడిచిన దారిని చూసి ధర్మాన్ని నిర్ణయించుకోకూడదని, కారణాన్ని విచారించి ధర్మాన్ని వెతకాలని ఆ వర్తకుడు తపస్వికి బోధిస్తాడు. వ్యవసాయంలో ఎడ్లు పడే బాధను కూడా ఆయన వదలడు. అక్కడి పద్ధతి అదేనన్న సమర్థనకు ఇంతకన్నా సూటియైన ఖండన వ్యాపార సాహిత్యంలో అరుదు.

ఈ విచారణను నేటి తెలుగు తీరానికి తెచ్చినప్పుడు దాని పదును తెలుస్తుంది. భారతదేశపు రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, ఘనీభవింపజేసిన ఆ రొయ్యలకు అమెరికా అతిపెద్ద కొనుగోలుదారు, ఐరోపా, జపాన్ ముఖ్యమైన మార్కెట్లు. టైగర్ జాతి రొయ్యలను పెంచిన తొలి కాలంలో పంటభూములు ఉప్పునీటి చెరువులుగా మారి, బావినీరు తాగడానికి పనికిరాకుండా పోయిందన్న ఫిర్యాదులు కోర్టుకెక్కి, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలోని చెరువులను తొలగించాలని, నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ తరువాత 2005లో వచ్చిన తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం నియంత్రణతో కూడిన అనుమతులకు దారితీసింది. 2009లో అమెరికా ఖండపు పసిఫిక్ తీరానికి చెందిన వనామీ జాతి పెంపకానికి అనుమతి లభించాక ఈ పరిశ్రమ మరింత విస్తరించింది. కొనే దేశాలు ప్రమాణాలు పెట్టకుండా ఊరుకోలేదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషిద్ధ యాంటీబయాటిక్‌ల అవశేషాల కోసం భారతీయ రొయ్యల సరుకును తమ రేవులలో పరీక్షించే వంతును ఐరోపా సమాఖ్య 2016లో నూటికి పది నుంచి యాభైకి పెంచింది. ఆ పరీక్ష ఎంత కఠినమైనదైనా అది కాపాడేది రొయ్యను తినే ఐరోపావాసి ఆరోగ్యాన్ని. చెరువు నుంచి వదిలిన ఉప్పునీరు ఊరి కాలువలోకి చేరిందా, గట్టు పక్క వరిచేను చౌడుబారిందా అన్నవి ఆ పరీక్షలో తేలే విషయాలు కావు. ఎగుమతిదారుడూ దిగుమతిదారుడూ సంతకం చేసే ఒప్పందంలో చెరువు పక్కనున్న కుటుంబం ఒక పక్షం కాదు. మోటుపల్లి తీరాన ఓడ పగిలిన వర్తకుడు నిలిచిన స్థితిలోనే, తన సొంత ఊరిలో, ఆ కుటుంబం నిలిచివుంది.

అంతర్జాతీయ ప్రమాణాల మీద పేద దేశాలకున్న అనుమానం నిరాధారమైనది కాదు. కార్మిక ప్రమాణాలను స్వదేశీ పరిశ్రమల రక్షణకు సాధనంగా వాడరాదని ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రుల సమావేశం 1996లో సింగపూర్‌లో ప్రకటించవలసివచ్చిందంటే, ధర్మం పేరుతో పోటీని అడ్డుకునే ప్రమాదం నిజమైనదని అర్థం. అయితే పైన చెప్పిన పరీక్ష ధనిక దేశపు ఆచారాన్ని పేద దేశం మీద రుద్దదు, రెండు దేశాల ఆచారాలనూ పక్కనపెట్టి భారం మోసేవారి వైపు చూస్తుంది. దాని నిజమైన కష్టం వేరేచోట ఉంది. వేరే దారి లేని కూలి మనిషి తక్కువ జీతానికి, ప్రమాదకరమైన పనికి ఒప్పుకున్నప్పుడు, ఆ ఒప్పుదలను పాలుపంచుకోవడంగా లెక్కించవచ్చా? లెక్కించరాదనే చెప్పాలి. ఉన్నదానికి తలవంచడం వేరు, ఉండవలసినదానిని నిర్ణయించే చోట మాట చెల్లడం వేరు. అయినా ఆ మనిషి జీతాన్ని ఆ మనిషి మేలు పేరుతో పోగొట్టే హక్కు దూరదేశపు వినియోగదారుడికి లేదన్నదీ అంతే నిజం.

బాధ్యత ఎంతదూరం సాగుతుందన్నది ఇక మిగిలిన ప్రశ్న. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి వెలువడి పదిమందికి పైగా మరణించినప్పుడు, ఆ కర్మాగారం దక్షిణ కొరియాలోని ఎల్‌జీ కెమ్ సంస్థకు అనుబంధమైనది కావడంతో, జాతీయ హరిత ట్రిబ్యునల్ మరునాడే యాభై కోట్ల రూపాయలు జమచేయమని ఆదేశించగలిగింది. సొంత కర్మాగారం విషయంలో చట్టానికి దారి దొరుకుతుంది. సరుకు కొనడంతో సంబంధం ముగిసిందనుకునే సంస్థ విషయంలో అది అంత సులువు కాదు. పరీక్షలో ఒకచోట విఫలమైన ఆ మనుస్మృతే ఇక్కడ ఒక బలమైన ఆలోచననిస్తుంది: మాంసం గురించి మాట్లాడుతూ అయిదవ అధ్యాయం, చంపినవాడితోపాటు అనుమతించినవాడిని, కోసినవాడిని, కొన్నవాడిని, అమ్మినవాడిని, వండినవాడిని, వడ్డించినవాడిని, తిన్నవాడిని హంతకుల జాబితాలోనే చేర్చింది. ఐక్యరాజ్యసమితి 2011లో ఆమోదించిన వ్యాపార, మానవ హక్కుల మార్గదర్శక సూత్రాలు హానిని స్వయంగా కలిగించడం, దానికి తోడ్పడడం, వ్యాపార సంబంధం ద్వారా దానితో ముడిపడి ఉండడం అని మూడు స్థాయిలు చెప్పాయి. స్మృతిలోని జాబితా మాంసానికి పరిమితమైనది, దానిని వర్తకమంతటికీ విస్తరించడం నేటివారి పని. పైగా ఎవరి పాలు ఎంతన్నది ఆ జాబితా చెప్పదు.

ఆ పాళ్లను రాతలో పెట్టడం సాధ్యమేనని 2013లో తేలింది. బంగ్లాదేశ్‌లో ఆ ఏడాది ఏప్రిల్ 24న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా దుస్తుల కార్మికులు మరణించాక, విదేశీ బ్రాండ్లు, కార్మిక సంఘాలు కలిసి చట్టబద్ధమైన ఒప్పందం చేసుకున్నాయి; కర్మాగారాల మరమ్మతులకు డబ్బు సమకూరేలా చూడడం కొనుగోలుదారుల బాధ్యతగానూ, వివాదాలు మధ్యవర్తి తీర్పుకు లోబడేవిగానూ అందులో రాసుకున్నారు. ఇది వ్యాపార నీతి పాఠంలో కన్నా ధర నిర్ణయం, ఒప్పందాల రచన బోధించే పాఠంలో ఉండవలసిన విషయం, ఎందుకంటే గోడ పగుళ్లను పూడ్చే డబ్బు చొక్కా ధరలో ఉందో లేదో అక్కడే తేలుతుంది. గోదావరి డెల్టాలోని రొయ్యల చెరువుల కోసం అలాంటి ఒప్పందాన్ని రాయమని కాకినాడలోని విద్యార్థులను అడిగితే, వాళ్లు మొదట తేల్చవలసినది సుంకమూ కాదు, రవాణా ఖర్చూ కాదు. ఊరి తరఫున సంతకం పంచాయతీదా, చెరువుల యజమానులతో నిండిన రైతు సంఘానిదా, ఆ గట్ల పక్కన కాపురముండి తాగునీరు కొనుక్కుంటున్న భూమిలేని కుటుంబాలదా అన్నది.